మిల్లు గేటు ముందు ఆగిన గంటలకి కూడా కిరాయి కట్టండి

మిల్లు యాజమాన్యాలకి, కలప కొనుగోలు చూసే ఆఫీసర్లకి, కిరాయి రేట్లు ఖరారు చేసే సార్లందరికీ,

నమస్కారం సార్. నాది ఒక్కటే బండి, ఓనర్నీ నేనే స్టీరింగ్ పట్టేదీ నేనే. పద్నాలుగేళ్ళుగా కూపుల నుంచి, అంటే చెట్లు కొట్టే చోట్ల నుంచి, మిల్లులకి దుంగలు తోలుతున్నా. ఇన్నేళ్ళలో చాలా గేట్లు చూశా, చాలామంది కొనుగోలు ఆఫీసర్లు మారడం చూశా, కానీ కిరాయి కట్టే పద్ధతి మాత్రం మారలేదు. టన్నుకి ఇంత, ఆ ఇంత ఎంతనేది కిలోమీటర్ల స్లాబుని బట్టి, అంతే. డీజిలూ టైర్లూ కిస్తీ ఇన్సూరెన్సూ క్లీనర్ జీతం గేటు దగ్గర పడిగాపులూ ఖాళీగా వెనక్కెళ్ళే దారీ అన్నీ ఆ ఒక్క అంకెలోనే సర్దుకోవాలి. సర్దుకోవట్లేదు సార్. అందుకే రాస్తున్నా.

మొన్నటి ఒక ట్రిప్పు చెప్తా, మావాళ్ళు ఎవరిని కదిపినా ఇలాంటివి పది చెప్తారు. తెల్లారి ఆరింటికి ఖాళీ బండితో కూపులోకి దిగా. లోడింగుకి మూడు గంటలు పట్టింది, దుంగలన్నీ సన్నవి, వంకరవి, ఎంత ఒద్దికగా పేర్చినా మధ్యలో సందులే. గొలుసులు బిగించి బయల్దేరి నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించా, ఎందుకంటే కుదుపులకి బెరడు నలిగి దుంగలు కిందకి సర్దుకుంటాయి, కూపులో చేతికి రాయిలా తగిలిన గొలుసు అరగంటకే వదులైపోయి ఊగుతుంటుంది, ఆ పని చెయ్యకుండా మెయిన్ రోడ్డెక్కే డ్రైవర్ని నేనైతే నమ్మను. కూపు నుంచి తారు రోడ్డు దాకా పద్నాలుగు కిలోమీటర్లు మట్టి దారి, గంటకి పది పన్నెండు కిలోమీటర్లు మించి పోదు, ఫస్టు సెకండు గేర్లలోనే దేకాలి. దారిలో ప్రైవేటు కాటా మీద తూకం వేయించా, నికరం, అంటే బండి బరువు పోను దుంగల బరువు, 16 టన్నుల 420 కిలోలు. సాయంత్రం నాలుగింటికి మిల్లు గేటుకి చేరా, టోకెన్ నంబరు 41 ఇచ్చారు. యార్డులో ఉన్న రెండు క్రేన్లలో ఒకటి పొద్దుటి నుంచే రిపేర్లో ఉందంట, ఆ ముక్క మాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు, చెప్పుంటే నేను లోడు మర్నాడే ఎత్తేవాణ్ణి. బండి లోపలికి పోయేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండున్నర. ఇరవై రెండున్నర గంటలు సార్. లోపల కాటా మీద నికరం 16 టన్నుల 110.

310 కిలోలు ఎటు పోయాయి అంటే ఎండకి కొంత ఆరింది, బెరడు కొంత రాలింది, కాటాకీ కాటాకీ కొంచెం తేడా ఎలాగూ ఉంటుంది. కానీ నా ఇంజన్ లాగింది 16 టన్నుల 420నే కదా, నా టైర్లు అరిగింది ఆ బరువు కిందే కదా. క్రేన్ పాడైంది మీది, కిరాయి తగ్గింది నాది. పైగా ఆ ఇరవై రెండున్నర గంటలకి చీటీ మీద ఒక్క అక్షరం లేదు, ఆ గంటలు అసలు జరగనే లేదన్నట్టు.

ఈ తూకం సంగతి కొంచెం విడమర్చి చెప్తా, ఎందుకంటే ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఇది చిన్నదిగా కనిపిస్తుంది. పచ్చి దుంగ బరువులో సుమారు సగం నీళ్ళే ఉంటాయి, కొన్ని జాతుల్లో సగం కన్నా ఎక్కువే. చెట్టు కొట్టిన రోజు నుంచే ఆ నీళ్ళు పోవడం మొదలు, ఎండా గాలీ తగిలే చోట ఇంకా తొందరగా. మిల్లుకి కావాల్సింది నార గానీ నీళ్ళు కాదు కాబట్టి మీరు కలప ధరని తేమ చూసి కట్టుకుంటామంటే అందులో న్యాయం ఉంది, అది మీకూ కలప అమ్మేవాళ్ళకీ మధ్య విషయం. కిరాయి అలా కాదు. కిరాయి అనేది మోసిన బరువుకి. అందుకని తూకం లోడు ఎత్తిన చోటన్నా ఉండాలి, లేదంటే బండి గేటుకి చేరిన వెంటనే అన్నా వెయ్యాలి. వచ్చిన బండిని ముందు కాటా ఎక్కించి చీటీ చేతిలో పెట్టి, ఆ తర్వాత క్యూలో నిలబెట్టండి, దానికి కొత్త మిషన్ ఏం కొనక్కర్లేదు, ఉన్న కాటానే, వరస మార్చడమే.

టన్ను లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. పేర్చిన లోడులో ఒక క్యూబిక్ మీటర్ అంటే నిండా కలప కాదు, సుమారు మూడింట రెండొంతులే కలప, మిగతాదంతా గాలి. సన్నవి వంకరవి అయితే గాలి ఇంకా ఎక్కువ. దుంగలు జారకుండా బండికి నిలబెట్టిన గుంజల చివరిదాకా నిండిపోతుంది, పర్మిట్ బరువులో చూస్తే ఇంకా మూడు టన్నులు ఖాళీ. లావు దుంగలున్న కూపు దొరికినవాడికీ, కోత అయిపోయాక మిగిలిన సన్న కర్ర ఎత్తుకొచ్చినవాడికీ దారి ఒకటే, డీజిల్లో పెద్ద తేడా లేదు, లోడింగ్ టైమైతే రెండోవాడికే ఎక్కువ, కిరాయి మాత్రం వాడికే తక్కువ. అందుకే సన్న కర్ర కూపులకి ట్రిప్పుకి ఒక కనీస బరువు లెక్కగట్టి దానికి కిరాయి ఇవ్వండి. బండి గుంజల దాకా నిండిందా లేదా అన్నది మీ గేటు గుమాస్తా కళ్ళతో చూసి చెప్పగలడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. లారీకి రెండు రకాల ఖర్చులు. తిరిగితేనే అయ్యేవి కొన్ని, డీజిలూ టైర్లూ ఆయిలూ కమాన్ పట్టీలూ. బండి నిలబడి ఉన్నా అయ్యేవి కొన్ని, కిస్తీ, ఇన్సూరెన్సు, ట్యాక్సు, జీతాలు. టన్ను రేటు వేసేటప్పుడు మీ ఆఫీసులో మొదటి రకం మాత్రమే లెక్క చూస్తారు, కిలోమీటర్లు గుణించి మైలేజీతో భాగించి ఇంత డీజిల్ అని తేలుస్తారు. రెండో రకం మీకు కనపడదు, ఎందుకంటే అది రోడ్డు మీద కాదు గేటు ముందు ఖర్చవుతుంది.

ఒక బండి రోజుకో ట్రిప్పు చొప్పున నెలకి 24 ట్రిప్పులు వేస్తుందనుకోండి. ప్రతి లోడుకీ గేటు దగ్గర ఒక రోజు పోతే అదే బండి 12 ట్రిప్పులే వేస్తుంది. కిస్తీ సగం అవ్వదు, ఫైనాన్స్ వాడికి క్రేన్ పాడైందని చెప్తే వినడు. అంటే ఒక్కో టన్ను మీద పడే ఆ నిలబడి చేసే ఖర్చు రెండింతలైంది. మేం వచ్చి మొత్తుకుంటే మీరు దయతలచి రేటు పది శాతం పెంచారనుకోండి, 12 ట్రిప్పులకి పది శాతం కలిపినా 24 ట్రిప్పులప్పుడు వచ్చిన కిరాయిలో 55 శాతమే చేతికొస్తుంది. నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా, పది శాతం పెంచి గేటు ముందు పడేసే మిల్లు కన్నా పాత రేటే ఇచ్చి రెండు గంటల్లో దించి పంపే మిల్లుకి తోలడమే మాకు మేలు. ఇది మీకు ఖర్చు తక్కువ, మాకు లాభం ఎక్కువ, ఇద్దరికీ కలిసొచ్చే బేరం ఇంకోటి నాకు కనపడలేదు.

మరి ఎందుకు జరగట్లేదు? నాకు అర్థమైనంతలో, గేటు బయట నలభై బండ్లు లోడుతో నిలబడి ఉంటే మీ యార్డుకి అది అద్దె లేని గోడౌను. ఏ పూటైనా మిషన్‌కి కలప తగ్గదు అని ధైర్యం. ఆ ధైర్యానికి డబ్బు కట్టేది మేము. రైల్వే వ్యాగన్ని ఇచ్చిన టైములో ఖాళీ చెయ్యకపోతే డెమరేజ్ కడతారు, ఓడ రేవులో అనుకున్న రోజుల కన్నా ఎక్కువ ఆగితే డెమరేజ్ కడతారు, అది అందరూ ఒప్పుకున్న రివాజు, ఎవరూ దాన్ని అన్యాయం అనరు. అదే ఉక్కు, అవే చక్రాలు, లారీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టైముకి విలువ లేదా? రెండు గంటలు మావి, మేమే భరిస్తాం. మూడో గంట నుంచి గంటకింత అని హాల్టింగ్ ఇవ్వండి. అది పెద్ద మొత్తం కానక్కర్లేదు, బండి నిలబడి చేసే ఖర్చు వస్తే చాలు. దీనికి కావాల్సింది ఒక్కటే, కాటా చీటీ మీద బండి గేటుకి వచ్చిన టైమూ ఖాళీ అయి బయటికి పోయిన టైమూ రెండూ ప్రింట్ అవ్వాలి. ఇప్పుడు చీటీ మీద ఉండేది తూకం వేసిన టైము, అంటే క్యూ అంతా అయిపోయాక టైము, ఆ కాగితం చూస్తే నేను ఇప్పుడే వచ్చి అరగంటలో పోయినట్టు ఉంటుంది.

ఖాళీ దారి గురించి. మామూలు సరుకు లారీ వెళ్ళేటప్పుడు ఒకటి మోస్తే వచ్చేటప్పుడు ఇంకోటి చూసుకుంటుంది. దుంగల బండికి ఆ వీలు లేదు, బాడీ స్థానంలో గుంజలు నిలబెట్టిన చాసిస్, దాంట్లో బస్తాలు వెయ్యలేం, పెట్టెలు పెట్టలేం, పైగా మిల్లు నుంచి కూపు వైపు పోయే సరుకే ఉండదు. అంటే మేం నడిపే ప్రతి రెండు కిలోమీటర్లలో ఒకటి ఖాళీ. మీ స్లాబు ఒకవైపు దూరానికే. ఆ ఒకవైపు దూరం కూడా మ్యాపులో దగ్గరి దారి చూసి వేస్తారు, ఆ దారిలో బరువు బండ్లకి పనికిరాని వంతెన ఉంటుంది, మేం చుట్టూ తిరిగి వస్తాం, ఆ ఎక్కువ కిలోమీటర్లు మా ఖాతాలోనే. మట్టి దారీ తారు రోడ్డూ ఒకే కిలోమీటరుగా లెక్కేస్తారు. నేను పైన చెప్పిన పద్నాలుగు కిలోమీటర్లకి లోడుతో గంటా పావు పైనే పట్టింది, ఆ టైములో తారు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు పోతాను. మీ మనిషిని ఒక్కసారి నా పక్క సీట్లో కూర్చోబెట్టి కూపు నుంచి గేటు దాకా పంపండి సార్, మీటరు రీడింగులు ఆయనే రాసుకోవచ్చు, తర్వాత రేటు ఆయన్నే చెప్పమనండి.

రేటు సరిపోకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్తా. ఎక్కువ లోడు ఎత్తుతాం. గుంజలకి పైన ఇంకో వరస, దాని మీద ఇంకో వరస. నేను కూడా ఎత్తాను, కిస్తీ తేదీ దగ్గరపడ్డప్పుడు. అది తప్పు అని ఆ రోజూ తెలుసు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా రోడ్డు మీద లారీలు అదే పనిగా తిప్పి ఒక పెద్ద టెస్టు చేశారు, ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకి జరిగే నష్టం సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. అంటే ఇరుసు మీద 20 శాతం ఎక్కువ వేస్తే రోడ్డు నష్టం 20 శాతం కాదు, రెండింతలు. ఆ గుంతల్లో మళ్ళీ మా కమాన్లే విరుగుతాయి. తక్కువ రేటు ఇచ్చి మీరు మిగుల్చుకున్నది రోడ్డు వేసేవాళ్ళ నెత్తిన పడుతుంది, ఎదురొచ్చే మోటార్ సైకిల్ మీద పడుతుంది.

నిద్ర గురించి కూడా. గేటు ముందు ఇరవై గంటలు ఉన్నావు కదా పడుకోవచ్చుగా అని ఒక ఆఫీసర్ అన్నారు నాతో. క్యూ అరగంటకో గంటకో నాలుగు బండ్లు కదులుతుంది సార్, నేను ముందుకి జరపకపోతే వెనకవాడు దూరతాడు, నంబరు పోతుంది. అది నిద్ర కాదు, కళ్ళు మూసుకుని హారన్ కోసం వినడం. ఒకసారి అలాంటి రాత్రి తర్వాత ఖాళీ బండితో తిరిగి పోతుంటే ఎడమ చక్రాలు రోడ్డు దిగి కంకర మీద కరకరమన్న చప్పుడుకి కళ్ళు తెరిచా. ఎంతసేపు మూశానో నాకు లెక్క లేదు. క్లీనర్ పక్కన తల వాల్చి నిద్రపోతున్నాడు, వాడికి పంతొమ్మిదేళ్ళు, వాళ్ళమ్మ నన్ను నమ్మి పంపింది. బండి పక్కకి తీసి దిగి చూస్తే కాలవ గట్టుకి రెండు అడుగులు. వాణ్ణి లేపలేదు. ఇంజన్ ఆపి తెల్లారేదాకా అక్కడే కూర్చున్నా, నిద్ర రాలేదు. ఆ ట్రిప్పు కిరాయి వచ్చింది, టన్నుకి ఇంత చొప్పున.

ఇదంతా కుదిరే పని కాదు, కిరాయి మార్కెట్ తేల్చాల్సిందే అంటారు మీరు. బ్రెజిల్లో 2018 మే నెలలో డీజిల్ ధర మీద లారీవాళ్ళు పది రోజులు రోడ్లు స్తంభింపజేశాక అదే ఏడు ఆగస్టులో కనీస కిరాయి చట్టం వచ్చింది. దాని పట్టికలో నాకు నచ్చింది ఏంటంటే రేటు రెండు ముక్కలుగా ఉంటుంది, కిలోమీటర్ల మీద ఒక ముక్క, ఎత్తుడు దింపుడుకి ఇంకో ముక్క, బండికి ఎన్ని ఇరుసులు అన్నదాన్ని బట్టి. డీజిల్ ధర ఒక హద్దు దాటి మారితే పట్టిక కూడా మార్చాలి, ఆ హద్దు మొదట 10 శాతం ఉండేది, 2022లో 5 శాతానికి తగ్గించారు. దక్షిణ కొరియాలో 2020 నుంచి 2022 దాకా కంటైనర్ లారీలకీ సిమెంట్ లారీలకీ సేఫ్ రేటు అని పెట్టారు, డ్రైవర్ నిద్ర మానుకుని పరిగెత్తాల్సిన పని లేకుండా కిరాయి ఉండాలన్నదే దాని ఉద్దేశం, గడువు అయిపోతుంటే దాన్ని నిలబెట్టుకోడానికి అక్కడి లారీవాళ్ళు 2022లోనే రెండుసార్లు సమ్మె చేశారు. ఆస్ట్రేలియాలో ఇలాంటి పనికి 2012లో ఒక ట్రిబ్యునల్ పెట్టి 2016లో ఎత్తేశారు, మళ్ళీ 2024లో ఇంకో చట్టంతో ఆ అధికారం వేరే కమిషన్‌కి ఇచ్చారు. అంటే ఇది తేలిక అని నేను అనట్లేదు, అన్ని చోట్లా గొడవలు అయ్యాయి, పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. కానీ కిరాయికీ రోడ్డు మీద ప్రాణానికీ సంబంధం ఉందని చట్టం చేసేవాళ్ళే ఒప్పుకున్నారు. మీరు చట్టం దాకా ఆగాల్సిన పని లేదు, మీ కాంట్రాక్టు కాగితం మీ చేతిలోనే ఉంది, ఆ రెండు ముక్కల పద్ధతి రేపు పొద్దున్నుంచి మీరే మొదలుపెట్టొచ్చు. దూరానికి ఒకటి, ఎత్తుడు దింపుడు టైముకి ఒకటి, డీజిల్ మారితే ఆటోమేటిగ్గా మారే ఒక లైను.

మా తప్పూ ఉంది, అది కూడా రాస్తున్నా, లేకపోతే ఈ లెటర్ సగమే నిజం అవుతుంది. మేం ఒక రేటు దగ్గర గట్టిగా నిలబడదాం అనుకున్న వారానికే మాలో ఎవడో వెళ్ళి ఇంకా తక్కువకి తోలుతా అంటాడు. వాడు చెడ్డోడు కాదు, కొత్త బండి, మొదటి ఏడాది, టైర్లు ఇంకా మార్చలేదు కాబట్టి వాడి లెక్కలో టైర్ల ఖర్చే లేదు. రెండో ఏడు సెట్టు మొత్తం మార్చాల్సి వచ్చాక వాడికి తెలుస్తుంది, మూడో ఏడు బండి ఫైనాన్స్ యార్డులో ఉంటుంది, ఇంకో కొత్తవాడు వస్తాడు. మీ ఆఫీసు లెక్కలో రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి మీరు తోలించుకుంటున్నది కొత్తవాళ్ళ అప్పు మీద. అలాంటి మిల్లుకి మంచి డ్రైవర్లు నిలవరు, వర్షాకాలంలో కూపు దారి బురదైనప్పుడు గొలుసు వేసుకుని ధైర్యంగా దిగే పాతవాడు ఒక్కడూ మిగలడు, అప్పుడు చూసుకోండి యార్డు ఖాళీ.

చిన్న విషయాలు రెండు. ఖాళీ బండి తూకం ప్రతిసారీ వెయ్యండి, ఫైల్లో ఉన్న పాత బరువుతో లెక్క కట్టకండి. పాత టేర్, అంటే ఖాళీ బండి బరువు, ఎక్కువగా ఉంటే ఆ తేడా ప్రతి ట్రిప్పుకీ మా నికరంలోంచే పోతుంది, నాది ఒక గుంజల జత మార్చి తేలికవి వేయించా, ఎనిమిది నెలలు పాత అంకే నడిచింది. ఇక పేమెంటు. బంకువాడు రెండు వారాల కన్నా అప్పు ఇవ్వడు, మీ దగ్గర బిల్లు రెండు నెలలు, ఆ మధ్య ఖాళీకి వడ్డీ నేను కడుతున్నా. అసలే తక్కువ కిరాయి, దాని మీద ఇది, గోరుచుట్టు మీద రోకటిపోటు. పదిహేను రోజుల్లో ఇవ్వండి.

మీకూ ఇబ్బందులుంటాయని తెలుసు. సరుకు ధర పడిపోతుంది, కలప ఒక్కసారిగా వచ్చి పడుతుంది, వర్షాలకి ముందు అందరూ ఒకేసారి కొట్టేస్తారు, క్రేన్ అన్నాక పాడవుతుంది. అవన్నీ ఒప్పుకుంటా. పాడైన రోజు పొద్దున్నే ఒక మెసేజ్ పెట్టండి చాలు, మేం లోడు ఎత్తకుండా ఆగుతాం. బండ్లకి టైము స్లాట్లు ఇవ్వండి, పదింటికి రమ్మంటే పదింటికే వస్తాం, రాకపోతే నా నంబరు చివరికి తోసెయ్యండి, నేను నోరెత్తను.

నా దగ్గర పోయిన పదకొండు నెలల కాటా చీటీలు అన్నీ ఉన్నాయి. ప్రతి చీటీ వెనక గేటుకి వచ్చిన టైమూ బయటపడిన టైమూ పెన్నుతో రాసిపెట్టుకున్నా, క్లీనర్ ఫోన్లో గేటు దగ్గర టోకెన్ ఫోటోలు కూడా ఉన్నాయి. మాలో ఇంకో తొమ్మిది మంది ఇలాగే రాస్తున్నారు. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు తీసుకొస్తాం. మీ వైపు నుంచి సెక్యూరిటీ గేటు రిజిస్టరు ఒక్కటి టేబుల్ మీద పెట్టండి, రెండూ పక్కపక్కన పెట్టి గంటలు కూడదాం.

ఇట్లు,
దుంగల లారీ ఓనర్ కమ్ డ్రైవర్